మందం రాయని కార్డు

డిసెంబర్ 2, 2024

ఎల్లారెడ్డి షాపు షట్టర్ మొన్న శనివారం దింపేశారు. ఈ రోజు నుంచి నేను కామారెడ్డిలో పని చేయాలి. పొద్దున ఏడుంబావు బస్సు. ఆధార్ చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకుని లింగంపేట దాకా నిలబడే వచ్చాను. అక్కడ ఎవరో దిగితే సీటు దొరికింది.

దేవేందరన్న కామారెడ్డి షెడ్డును గుర్తు పట్టకుండా మార్చేశాడు. కంపెనీ ఆయనది, ఇష్టం ఆయనది. లోపలి గదుల గోడలు తీయించి, మధ్యలో పన్నెండడుగుల బల్ల ఒకటి వేయించాడు. రెండు ఊళ్ల వైండర్లం కలిసి ఏడుగురం. ఇక అందరం ఆ బల్ల చుట్టే కూర్చుని కాలిన బోరు మోటార్లకు తీగ చుట్టాలి. మధ్యాహ్నం అక్కడే తినాలి. గోడకు తెల్లబోర్డు ఒకటి. వచ్చిన ప్రతి మోటారుకు ఒక కార్డు రాయాలి: ఏ ఊరిది, ఎందుకు కాలింది, ఎన్ని చుట్లు చుట్టాం, ఎంత మందం తీగ వాడాం. కార్డులు బల్ల మీద డబ్బాలో, ఎవరైనా తీసి చూసుకునేలా ఉండాలి. హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లి వచ్చినప్పటి నుంచి ఆయనకు ఇదే ధ్యాస.

"ఒక్కలకు తెలిసింది అందరికి తెల్వాలె. గప్పుడే ఇది కంపెనీ అయితది. లేకుంటే ఏడు దుకాణాలు ఒక్క రేకుల కింద ఉన్నట్టే" అన్నాడు.

మల్లన్న బోర్డు వైపు తిరిగి కూడా చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్లుగా మోటార్లు చుడుతున్న మనిషి. లెక్కలన్నీ రాసుకున్న చిన్న పుస్తకం చొక్కా లోపలి జేబులో ఉంటుందట. "యాదవ్వకు గూడ సూపియ్యడట గా బుక్కు" అని రాజశ్రీ నా చెవిలో చెప్పింది. యాదవ్వ ఆయన భార్య. రాజశ్రీది మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్. నాకంటే పదేళ్లు చిన్నది, చేతులు చురుకు.

పుస్తకం నా దగ్గర కూడా ఉంది. కానీ అది వేరు. నేను గుర్తు కోసం రాసుకున్నది.

డిసెంబర్ 5

బల్ల దగ్గర నోరు విప్పేవాళ్లు లేరు. తిన్న తర్వాత పది నిమిషాలు ఒక్కొక్కరు ఒక మోటారు సంగతి చెప్పాలని దేవేందరన్న నియమం. ఈ రోజు నా వంతు. "కాలింది. చుట్టాను. నడుస్తోంది" అని చెప్పి టిఫిన్ డబ్బా మూత పెట్టాను. మల్లన్న మీసం కింద నవ్వుకున్నాడు.

వాట్సాప్ గ్రూపు కూడా పెట్టారు. కాలిన కాయిళ్ల ఫొటోలు పెట్టమంటే గులాబీ పూల శుభోదయాలు పెడుతున్నారు. మల్లన్నది బటన్ ఫోను. ఆయనకు ఆ బాధ లేదు.

డిసెంబర్ 11

భూమక్క మోటారు తెచ్చింది! ఎల్లారెడ్డి అవతలి ఊరు ఆమెది. దగ్గరలో ఇంకెక్కడైనా ఇవ్వచ్చు. ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంత దూరం వచ్చింది.

"నువ్వేడుంటె నా మోటార్ ఆడికే వస్తది పద్మా" అంది అందరూ వింటుండగా. దేవేందరన్న కూడా విన్నాడు.

సాయంత్రానికల్లా చుట్టి ఇచ్చాను. ఎల్లారెడ్డిలో తొమ్మిదేళ్లు ఒక్కదాన్నే కూర్చుని నేను కనిపెట్టిన సంగతి ఒకటుంది. మోటారును కంపెనీ పేరు చూసి కాదు, ఊరి పేరు చూసి చుట్టాలి. కొన్ని ఊళ్లు లైను చివర ఉంటాయి. యాసంగి పంటకు మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే అక్కడికి కరెంటు నీరసంగా వస్తుంది. అలాంటి ఊరి మోటారుకు చుట్లు తగ్గించాలి, తీగ మందం పెంచాలి. రెండూ చేయాలి. ఒకటి చేసి ఒకటి వదిలితే వారం తిరక్కుండా కాలుతుంది. ఏ ఊరికి ఎన్ని తగ్గించాలో, ఎంత పెంచాలో నా పుస్తకంలో ఉంది. ఎల్లారెడ్డి షాపు నా పేరు మీద నడిచింది అందుకే.

కార్డు మీద చుట్లు రాశాను. మందం రాయలేదు. చోటు చాలలేదు.

డిసెంబర్ 12

చోటు ఉంది. కార్డు వెనక్కి తిప్పితే అంతా ఖాళీయే. రేపు రాస్తాను.

డిసెంబర్ 13

పని ఎక్కువ. రాయలేదు.

డిసెంబర్ 19

మా ఆయన తిరుపతితో పొద్దున చాయ్ తాగుతూ బల్ల సంగతి, కార్డుల సంగతి చెప్పాను. ఆయన ఎల్లారెడ్డి బస్టాండు ముందు షేర్ ఆటో నడుపుతాడు. ఏదైనా ఆటో లెక్కలోనే చూస్తాడు.

"నా ఆటో తాళంచెవి ఊరోళ్లందరికి ఇస్తనా? నీకు తెలిసిందంత రాసిచ్చినంక నువ్వెందుకు ఇగ వాళ్లకు? షాపు ఒకటి మూసిండ్రు, రేపు మనిషిని గూడ తీసేస్తరు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. నేను దాచిపెట్టడం లేదు, జాగ్రత్తగా ఉన్నాను. దాచిపెట్టేది మల్లన్న.

జనవరి 6, 2025

ఈ రోజు బల్ల దగ్గర గోల. రాజశ్రీ జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల ఠేచా తెచ్చింది. ఆ కారానికి అందరికీ కళ్లల్లో నీళ్లు. నీళ్లు తాగే సందట్లో ఆమె, "నేను చుట్టిన మోటార్ ఒకటి నడుస్తది గని గుర్రుమంటది. ఏందో సమజైతలేదు" అంది. బేరింగ్ అని ఒకరు, షాఫ్టు వంగిందని ఇంకొకరు, బోరులో ఇసుక పడుతోందని మరొకరు. వాదించుకుంటూ ముగ్గురు లేచి వెళ్లి మోటారు విప్పారు. ఇసుకే. రాజశ్రీ ఆ సంగతి బోర్డు మీద రాసింది. తెలుగు అక్షరాలు కొంచెం మరాఠీ వంకర్లు పోయాయి. ఎవరూ నవ్వలేదు.

నాకు కూడా శబ్దం వినగానే ఇసుకే అనిపించింది. చెప్పలేదు. అడగలేదుగా నన్ను.

మల్లన్న కూడా చెప్పలేదు. మేమిద్దరం తింటూ కూర్చున్నాం.

జనవరి 17

డబ్బాలో కార్డులు వంద దాటాయట. దేవేందరన్న మురిసిపోతున్నాడు. ఈ రోజు ఏడుగురిలో ఐదుగురు వంతు రాకముందే మాట్లాడారు. ఇంత గోలలో పని ఎలా అవుతుందో అనుకున్నాను గానీ, ఎల్లారెడ్డిలో ఒక్కదాన్నే రేడియో పెట్టుకుని కూర్చున్న రోజులకంటే పొద్దు త్వరగానే గడుస్తోంది. ఆ మాట మాత్రం ఇక్కడ రాసుకుంటాను.

జనవరి 23

మా అత్తమ్మ మంగవ్వను మోకాళ్ల డాక్టరుకు చూపించడానికి నిన్న సెలవు పెట్టాను. నిన్ననే భూమక్క మోటారు మళ్లీ వచ్చిందట. ఊళ్లో ఎవరో బాగుచేస్తానని విప్పి, కాలిన తీగంతా పీకి పారేసి, చేతకాక వదిలేశాడు. వచ్చింది ఖాళీ బాడీ. చూసి లెక్కపెట్టుకోవడానికి పాత చుట్టు ఒక్కటి లేదు. నేను డాక్టరు దగ్గర ఉన్నానని ఫోన్ చేయకుండా, రాజశ్రీ డబ్బాలోంచి నా కార్డు తీసి, దాన్ని చూసి చుట్టి పంపించింది.

నేను చుట్టి నెలన్నరైనా కాలేదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి కాలి ఉంటుంది. నా పనిలో లోపమేమీ లేదు.

రాజశ్రీ ఏ మందం వేసిందో అడుగుదామనుకున్నాను. ఆమె చేతిలో వేరే పని ఉంది.

జనవరి 28

భూమక్క మళ్లీ మోటారు తెచ్చింది. ఆరో రోజున కాలిపోయింది.

లోపలికి రాకముందే గొంతు వినిపించింది. "ఎవలు సుట్టిండ్రు నా మోటార్? నాటేసి ఇరవై దినాలు గాలే. మడి నెర్రెలు వారింది. ఉన్నది ఒక్క బోరు. మనుషులే చేసిండ్రా గిది?"

రాజశ్రీ లేచి నిలబడింది. "నేనే చుట్టిన అక్కా. కార్డుల తీగ మందం రాసి లేకుండె. అందాజ మీద మామూలుది వేసిన. తప్పు నాదే."

"అందాజనా! నీ అందాజకు నా రెండెకరాలు ఎండాల్నా?"

రాజశ్రీ చేతిలోని తీగ ముక్కను వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దేవేందరన్న డబ్బాలోంచి కార్డు తీశాడు. కింద నా పేరు. నా వైపు చూశాడు.

"మరిచిపోయాను" అన్నాను.

జనవరి 29

మరిచిపోలేదు.

జనవరి 30

ఈ రోజు సంగతి మొత్తం రాయాలి. ఇంటికి వెళ్లే బస్సు కూడా ఖాళీగా ఉంది.

పొద్దున బస్సు ఎక్కలేదు. తిరుపతిని భూమక్క పొలానికి తీసుకెళ్లమన్నాను. ఎందుకని అడిగాడు గానీ తీసుకెళ్లాడు. పక్క పొలం వాళ్లు ఆమెకు రోజుకు గంటసేపు నీళ్లు వదులుతున్నారు. పైమడి మాత్రం తడిసింది. కిందిమడి మూల పసుపు తిరిగింది. భూమక్క ఒడ్డు మీద కూర్చుని కాలువకు మట్టి అడ్డం వేస్తోంది.

"మొన్న ఆ పిల్లను మస్తు ఒర్లిన" అంది నన్ను చూడగానే. "ఇంటికొచ్చినంక నాకే మంచిగ అనిపియ్యలే. తప్పు నాదే అని ఒప్పుకున్నది పాపం."

"నేనున్న రోజు తెచ్చుంటే బాగుండేది" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

భూమక్క పార పక్కన పెట్టింది. "గట్లంటవేంది పద్మా? నువ్వొక్కదానివేనా మాకు దిక్కు? నీకు జరమొచ్చి పండుకుంటె మా మడి ఎండాల్నా?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. డిసెంబరులో ఆమె అన్న మాటకు నేనెంత పొంగిపోయానో నాకు గుర్తుంది. నువ్వేడుంటె ఆడికే అంది. నాకు ఘనతగా వినిపించింది. ఆమెకు అది కష్టం. మోటారు ట్రాలీలో వేసుకుని నలభై కిలోమీటర్లు రావడం.

తిరుగుదారిలో తిరుపతి బస్టాండు దగ్గర దింపి, "ఆమెది ఎండనియ్యకు" అన్నాడు.

షెడ్డుకు చేరేసరికి అందరూ అన్నాలకు కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమో అని. "మరిచిపోలేదు. కావాలనే రాయలేదు. రాస్తే ఇక నాతో పనేముంటదని భయపడ్డాను. రాజశ్రీ తప్పు లేదు" అని, సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.

రాజశ్రీ నా ముఖంలోకి చూసి, తర్వాత పుస్తకం దగ్గరికి లాక్కుని భూమక్క ఊరి పేజీ వెతకడం మొదలుపెట్టింది. నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

అప్పుడు మల్లన్న చెయ్యి కడుక్కుని వచ్చాడు.

"నీ చేతిల గూడ గా మోటార్ నెలే నడిసింది గద బిడ్డా."

"ఫేజు పోయి కాలిందనుకుంటున్నా."

"అనుకుంటున్నవు. బాడీ తేండ్రి."

కాలిన తీగంతా నిన్నటికి పీకేసిన బాడీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని దాని లోపలికి చెయ్యి పోనిచ్చి, ఈ చివర నుంచి ఆ చివరకు జానతో కొలిచాడు. "ఇది పొట్టి బాడీ. మూడేండ్ల సంది గీ మోటార్ కంపెనీ పొట్టియే చేస్తున్నది. పైన పేరు అదే, రంగు అదే. లోపట లెక్క వేరే. నువ్వు పాత బాడీ లెక్కల నుంచి తగ్గించినవు. అందుకే నీదీ కాలింది."

ఇన్నాళ్లూ నేను కాపాడుకున్న లెక్క తప్పు లెక్క. దాచిపెట్టాను కనుక అది తప్పని చెప్పే మనిషి లేకపోయాడు.

"మరి కొత్త లెక్క ఎంతన్నా?" రాజశ్రీ అడిగింది.

మల్లన్న చొక్కా లోపలి జేబులోంచి పుస్తకం తీశాడు. చెమటకు అట్ట మెత్తబడి గుడ్డలా అయింది. దాన్ని రాజశ్రీ చేతిలో పెట్టాడు.

"నువ్వే సదువు. రెండేండ్ల సంది నాకు కండ్లు ఆనుతలెవ్వు. యాది మీదనే చుడుతున్న. కొన్నిట్ల యాది గూడ తప్పుతున్నది."

రెండేళ్లుగా ఆయన తనకే కనిపించని పుస్తకాన్ని గుండె మీద పెట్టుకుని తిరుగుతున్నాడు. మేమంతా అది దాపరికం అనుకున్నాం.

రాజశ్రీ చదివింది. ఆయన పుస్తకంలో మోటార్ల పేర్లు, బాడీల కొలతలు. నా పుస్తకంలో ఊళ్ల పేర్లు, కరెంటు తీరు. రెండూ పక్కపక్కన పెట్టి, పొట్టి బాడీకి ఉండాల్సిన చుట్లు ఆయన పేజీలోంచి తీసుకుని, భూమక్క ఊరికి తగ్గించాల్సిన మూడు నా పేజీలోంచి తీసేశాం. తీగ ఒక నెంబరు దొడ్డుది. దేవేందరన్న బోర్డు మీద రాశాడు. చుట్టింది రాజశ్రీయే. అడిగి మరీ తీసుకుంది. ఆమె చుడుతుంటే మల్లన్న పక్కన కూర్చుని ప్రతి కాయిల్‌నీ వేళ్లతో తడిమి లెక్క సరిచూశాడు. మిగతావాళ్లు తమ పని వదిలి వచ్చారు. ఎప్పుడో ఒకరు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చివరికి ఏడుగురం లెక్కపెట్టాం.

మోటారు ఈ సాయంత్రమే ట్రాలీ ఎక్కింది.

పోయే ముందు రాజశ్రీ దగ్గరికి వెళ్లి క్షమించమన్నాను. "రేపు గుడాలు తీస్కరా అక్కా, మీ ఎల్లారెడ్డి దిక్కు మంచిగ చేస్తరట" అంది.

జనవరి 31

గుడాలు పట్టుకెళ్లాను. ఉడకబెట్టిన అలసందలవి. గిన్నె ఖాళీ.

ఫిబ్రవరి 8

భూమక్క మోటారు తొమ్మిదో రోజు.

ఫిబ్రవరి 14

కార్డులు కొత్తగా కొట్టించారు. ఊరు, కరెంటు తీరు, బాడీ కొలత, చుట్లు, మందం. ఏ గడి ఖాళీగా ఉన్నా మోటారు గేటు దాటకూడదని బోర్డు మీద రాశారు. ఆ మాట రాయించింది నేను.

తిన్నాక పది నిమిషాలు ఇప్పుడు అరగంట అవుతోంది. నిన్న నాతో ఎల్లారెడ్డి వైపు ఊళ్లన్నీ చెప్పించారు, ఏ ఊరు లైనుకు ఏ కొసన ఉందో. ఎవరో గోడ మీద సుద్దతో పటం గీశారు. చెబుతుంటే నాకే తెలియని నాలుగు ఊళ్ల సంగతి వాళ్లు చెప్పారు. ఉద్యోగం పోతుందని ఎందుకంత భయపడ్డానో. భయం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. సగం పోయింది.

ఫిబ్రవరి 20

భూమక్క ఫోన్ చేసింది. కిందిమడి మూల ఒక పట్టె ఎండిపోయిందట. మిగతాది పచ్చగా లేచిందని చెప్పింది. ఆ పట్టె నాది. ఆమె అనలేదు, నేను రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 24

మల్లన్నకు ఈ రోజు కంటి ఆపరేషన్. రాజశ్రీయే వెంటపడి ఒప్పించింది. ఇంతకాలం ఎందుకు చేయించుకోలేదని అడిగితే, "యాసంగిల నేను పక్కకు జరుగుతె మోటార్లు ఎవలు సూస్తరు?" అన్నాడు. పదిహేను రోజులు రాకూడదు. సరిగ్గా మోటార్లు కుప్పలుగా వచ్చే రోజులు. దేవేందరన్న ముఖం చూస్తే ఆయనకే ఆపరేషన్ అన్నట్టుంది.

ఫిబ్రవరి 27

మల్లన్న లేకుండా మూడు రోజులు. పదకొండు మోటార్లు.

మార్చి 3

ఒకటి తిరిగొచ్చింది. మేం మధ్యాహ్నం అంతా దాని చుట్టూ కూర్చున్నాం. బాడీ కొలత తప్పు తీశాం. మళ్లీ చుట్టాం. మల్లన్నకు ఫోన్ చేద్దామా అని ఒకరు, ఆయనను పడుకోనియ్యండని ఇంకొకరు. చేయలేదు.

మార్చి 12

మల్లన్న వచ్చాడు. నల్లద్దాలు, తెల్లచొక్కా. యాదవ్వ వెంట వచ్చి గేటు దగ్గర దింపి వెళ్లింది. మేమంతా లేచి నిలబడ్డాం. ఆయన అద్దాలు తీసి, ముందు మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. రాజశ్రీతో, "నువ్వు గింత చిన్నపిల్లవా!" అన్నాడు. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి పై నుంచి కిందికి పైకే చదివాడు, బడిపిల్లవాడిలాగా. ఒకచోట ఆగాడు.

"ఈ ఏడు అంకె ఎవలు రాసిండ్రు? ఒకటి తీరుగ ఉన్నది."

నేను. దిద్దాను.

బల్ల దగ్గర ఆయన చోటు ఖాళీగానే ఉంచాం. కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. గ్లాసు చేతిలో తిప్పుతూ అడిగాడు: "నా కోసం ఎన్ని మోటార్లు ఆపిండ్రు?"

రాజశ్రీ నా వైపు చూసింది. నేను దేవేందరన్న వైపు చూశాను. ఆయన చాయ్‌లోకి చూస్తున్నాడు. ఆ జవాబు చెప్పడం ఎవరికీ ఇష్టం లేదు. మల్లన్న ఎక్కడ నొచ్చుకుంటాడో అని. నా సంగతి నాకు తెలుసు. డిసెంబరులో నాకెవరైనా ఆ జవాబు చెప్పి ఉంటే ఏడ్చేదాన్ని.

"ఒక్కటి గూడ ఆగలేదన్నా" అన్నాను. "నలభై ఆరు చుట్టినం. రెండు తిరిగొస్తే మళ్ల చేసి పంపినం."

మల్లన్న చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ."

"అయితె రేపు గూడ రాను" అన్నాడు.

రాజశ్రీ కంగారుగా ఏదో అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నవ్వుతున్నాడు. పళ్లు కనిపించేలా ఆయన నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

"గీ కండ్ల ఆపరేషన్ తప్ప ఇరవై ఎనిమిదేండ్లల్ల యాసంగిల ఒక్క దినం ఇంటికాడ లేను. యాదవ్వ బాసర పోదమంటది, నేను వానకాలం పోదమంట. వానకాలం వస్తే నాట్లంట. రేపు పోతం. ఎల్లుండి గూడ ఆడనే ఉంటమేమో. దేవేందరా, రాసుకో."

దేవేందరన్న నిజంగానే లేచి క్యాలెండర్‌లో రాసుకున్నాడు. పెన్ను ఆయన చేతిలో ఉండగానే నేను కూడా శనివారానికి సెలవు అడిగాను. ఎందుకని అడగలేదు. రాసేశాడు.

ఏం చేయాలో ఇంకా అనుకోలేదు.